రాళ్లదారిలో బండి గొప్పా, చేయి గొప్పా?



ఈమధ్య హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఆదివారం తెల్లవారుజామున రోడ్డెక్కితే నాలుగైదు థార్లు, జిమ్నీలు, వాటి వెనకాల ఒకటో రెండో పాత జిప్సీలు వరసగా ఊరు దాటి వెళ్తూ కనిపిస్తాయి. కొన్ని వికారాబాద్ దారి పడతాయి, కొన్ని అరకు వైపు తిరుగుతాయి, కొన్ని మారేడుమిల్లి అడవుల దాకా పోతాయి. తారురోడ్డు అయిపోయిన చోట మొదలయ్యే దారి మీద బండి నడపడం మనవాళ్లకి కొత్తగా పట్టిన సరదా. మంచి సరదాయే. యువత కొండల్లోకి, వానలోకి, మట్టిలోకి వెళ్తానంటే కాదనేవాణ్ని కాను.

అయితే కొత్త బండి ఇంటికొచ్చి నెల తిరక్కుండానే వర్క్‌షాపుకి వెళ్తోంది. ఎత్తు పెంచడానికి లిఫ్ట్ కిట్టు, పెద్ద టైర్లు, ఇనుప బంపరు, దానిమీద తాడుతో లాగే వించి, పక్కన పొగగొట్టంలా పైకి లేచే స్నార్కెల్, పైన లైట్ల వరస. లక్షలు ఖర్చవుతాయి. ఆ తర్వాత మొదటి వర్షాకాలంలో మొదటి రాళ్లదారిలోనే బండి ఇరుక్కుంటుంది. ఇరుక్కోగానే యజమాని అనే మాట, "ఇంకా పెద్ద టైర్లు వేయించాలి".

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కష్టమైన దారిలో బండిని గట్టెక్కించేది ముందు చేయి, ఆ తర్వాతే బండికి బిగించిన సామాను. సామానుకి విలువ లేదనడం లేదు. చేయి చేయగలిగిందంతా చేశాక, అక్కడ నుంచి దాని అవసరం మొదలవుతుంది. ఈ వరస తిరగబడితే డబ్బు పోతుంది, బండి పాడవుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. బొర్రా గుహలు చూడ్డానికి వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడి నుంచి కటికి జలపాతానికి కూడా వెళ్లి ఉంటారు. అనంతగిరి మండలంలో, గోస్తనీ నది మీద ఉంది ఆ జలపాతం. అక్కడికి మామూలు కార్లు పోవు. జీపులు మాట్లాడుకోవాలి. ఆ జీపులు ఒకసారి దగ్గరగా చూడండి. ఏళ్ల తరబడి నడిచిన బళ్లు. కమాన్ కట్టలు ఎన్నిసార్లు విప్పి బిగించారో తెలియదు. టైర్లు కంపెనీ సైజువే. వించీలు వాటికి ఎక్కడివి? లోపల ఎనిమిది తొమ్మిది మంది జనం. దారిలో కొన్నిచోట్ల మట్టే కనిపించదు, కుండంత రాయి పక్కన కుండంత రాయి. వాన పడితే వాటి మధ్య నీళ్లు పారుతుంటాయి. ఆ దారినే ఆ జీపులు రోజుకి ఎన్నో సార్లు ఎక్కి దిగుతాయి.

ఒకసారి డ్రైవరు పక్కసీట్లో కూర్చుని అతని చేతులకేసి చూస్తూ వెళ్లాను. ముందు రాత్రి వాన కురిసింది. ఒక మలుపు దగ్గర బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి దిగాడు. పది అడుగులు ముందుకి నడిచి వెళ్లాడు. నీళ్లకి దొర్లిన రాయి ఒకటి దారిలోకి వచ్చింది. దాన్ని కాలితో కదిపి చూశాడు. కదలలేదు. వెనక్కి వచ్చి కూర్చుని, మొదటి గేరులోనే, ఎడమ ముందు చక్రాన్ని తిన్నగా ఆ రాయి నెత్తి మీదికే ఎక్కించాడు. బండి ఒక పక్కకి ఒరిగింది, నెమ్మదిగా దిగింది, వెనక చక్రం కూడా అదే రాయెక్కి దిగింది. కింద ఎక్కడా చప్పుడు లేదు. పక్కన అంత జాగా ఉండగా రాయి మీదికే ఎందుకు పోనిచ్చావని అడిగాను. "రాయిని బండి కిందకి ఒగ్గేస్తే పొట్టకి తగులుద్ది బాబూ. సెక్రం దాని మీదెట్టేస్తే ఇంకేటీ తగల్దు" అన్నాడు.

ఆ ఒక్క మాటలో చాలా ఇంజనీరింగు ఉంది. ఇలాంటి జీపుల్లో రెండు వెనక చక్రాల మధ్య ఒక ఇరుసు గొట్టం, దానికి నడుమ బుడిపెలా ఉబ్బిన హౌసింగు ఉంటాయి. రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్ ఉండేది అందులోనే. బండి మొత్తంలో నేలకి దగ్గరగా వేలాడే భాగం అదే. కొత్తగా నడిపేవాడు రాయి కనబడగానే దాన్ని రెండు చక్రాల మధ్యకి తెచ్చుకుంటాడు, తప్పించుకున్నానని అనుకుంటాడు. అది తిన్నగా వెళ్లి హౌసింగుకి కొడుతుంది. ఇప్పుడు లిఫ్ట్ కిట్టు సంగతి చూద్దాం. స్ప్రింగులు మార్చి బండిని రెండంగుళాలు లేపితే పైనున్న బాడీ లేస్తుంది, ఛాసిస్ లేస్తుంది. ఇరుసు మాత్రం చక్రాల మధ్యనే, ఉన్న ఎత్తులోనే ఉంటుంది. హౌసింగుకీ నేలకీ మధ్య ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. అది పెరగాలంటే టైరే పెద్దది కావాలి. టైరు రెండంగుళాలు పెరిగినా ఇరుసు లేచేది ఒక్క అంగుళమే, ఎందుకంటే లెక్కకి వచ్చేది టైరు ఎత్తులో సగం. ఆ డ్రైవరు మాత్రం పైసా ఖర్చు లేకుండా, చక్రాన్ని రాయి మీద పెట్టి, ఇరుసుని పైకి లేపాడు.

దారి చదవడం అంటే ఇదే. ముందు చక్రం ఎక్కడ పడుతుందో అందరూ చూస్తారు. వెనక చక్రం ఎక్కడ పడుతుందో చూసేవాడే డ్రైవరు. మలుపులో వెనక చక్రం ముందు చక్రం అడుగులో నడవదు, లోపలికి కోసుకొస్తుంది. ముందు చక్రాలు గోతిని తప్పించుకున్నాయని సంతోషించేలోపు వెనక చక్రం అందులో దిగిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు కష్టమైన చోటికి రాగానే దిగి నడుస్తారు. నడిచి చూడనిదే నడపకూడదు. ఇద్దరుంటే ఒకరు కిందనే ఉండి ఎదురుగా నిలబడి చేత్తో సైగ చేయాలి. ఒక్కరే చేయాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి అరిస్తే చక్రం అయిదో వైపు పోతుంది.

ఇక వేగం. రాళ్ల మీద బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా పోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో లో గేరు ఇచ్చింది అందుకే. ఇప్పటి థార్‌లో అది 2.48 రెట్లు, జిమ్నీలో రెండు రెట్లు. అంటే మామూలు మొదటి గేరులో ఇంజను తిరిగినంతే తిరిగి, అందులో సగమో అంతకన్నా తక్కువో వేగంతో, ఆ మేరకు ఎక్కువ బలంతో బండి పాకుతుంది. ఆ గేరులో పెట్టాక క్లచ్ మీద కాలు తీసేయాలి. బెదిరిపోయి సగం క్లచ్ మీద నడిపేవాళ్లని చాలామందిని చూస్తాం. పది నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత పెద్ద టైరున్నా బండి కదలదు. దిగుడులో ఇంకా జాగ్రత్త కావాలి. లో మొదటి గేరులో పెట్టి, క్లచ్ ముట్టకుండా, ఇంజనే బండిని పట్టి ఆపుతూ దింపాలి. చక్రాలు బిగుసుకునేలా బ్రేకు తొక్కితే జారుతాయి. జారుతున్న చక్రం స్టీరింగు మాట వినదు. ఎక్కుడులో బండి మధ్యలో ఆగిపోతే పక్కకి తిప్పి దింపుకుందామని ఎప్పుడూ అనుకోకండి. వాలుకి అడ్డంగా తిరిగిన బండి బోల్తా కొడుతుంది. రివర్సు గేరు వేసి ఎక్కిన దారినే తిన్నగా వెనక్కి దిగాలి. ఇంకో చిన్న సంగతి: పట్టుకున్నప్పుడు బొటనవేళ్లు స్టీరింగు చక్రం లోపలికి చుట్టకూడదు. ముందు చక్రం రాయికి గట్టిగా తగిలితే, ముఖ్యంగా పాత జీపుల్లో, స్టీరింగు గిర్రున తిరిగి బొటనవేలు విరగ్గొడుతుంది.

ఇక టైరులో గాలి. నన్నడిగితే అన్ని మార్పుల్లోకీ గొప్ప మార్పు ఇదే, దీనికి పెద్ద ఖర్చు లేదు. రోడ్డు మీద 30 పీఎస్ఐ దరిదాపుల్లో ఉండే గాలిని రాళ్లదారి మొదట్లో ఆగి 20 దాకా తగ్గించండి. టైరు మెత్తబడి నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. రాయి మూలని కప్పి పట్టుకుంటుంది. ఎక్కువ నేలని అంటుకుంటుంది కాబట్టి పట్టు పెరుగుతుంది, లోపల కూర్చున్నవాళ్ల నడుము కూడా బతుకుతుంది. ఇసుకలో అయితే ఇంకా తగ్గించవచ్చు. మరీ తగ్గించి గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది, కాబట్టి గాలి తగ్గినంతసేపూ వేగమూ తగ్గాలి. తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపుకోవాలి, నింపకుండా వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. దీనికి కావలసిందల్లా గాలి కొలిచే గేజి ఒకటి, బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి.

ఇంత చెప్పాక అవతలి పక్షం కూడా చెప్పాలి. చేతికి సాధ్యం కాని చోట్లు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది డిఫరెన్షియల్ తెచ్చే చిక్కు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి ఆ ఏర్పాటు పెట్టారు. గోతుల్లో అదే మనకి అడ్డం తిరుగుతుంది. ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి గాల్లోకి లేచాయనుకోండి. గాల్లో ఉన్నవి గిరగిరా తిరుగుతాయి, నేలని పట్టుకున్న రెండూ కదలకుండా ఉండిపోతాయి. పాత జీపుల డ్రైవర్లు దీనికి ఒక ఉపాయం వాడతారు. యాక్సిలరేటర్ వదలకుండా బ్రేకుని కొద్దిగా తొక్కుతారు, తిరిగే చక్రానికి అడ్డు తగిలి కొంత బలం అవతలి దానికి పోతుంది. ఇప్పటి ఫోర్ వీల్ డ్రైవ్ థార్‌లోనూ జిమ్నీలోనూ ఉత్తినే తిరిగే చక్రానికి తనంతట తానే బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది. అది పని చేయాలంటే యాక్సిలరేటర్ని ఒకే తీరుగా తొక్కి పట్టి రెండు మూడు క్షణాలు ఆగాలి. చక్రం తిరగడం చూసి కంగారుగా కాలు తీసేస్తే అదీ ఆగిపోతుంది. అంటే కంపెనీ ఇచ్చినదాన్ని వాడుకోవడానికీ నేర్పు కావాల్సిందే. ఈ ఉపాయాలేవీ చాలని చోట డిఫరెన్షియల్ లాకరు నిజంగా అద్భుతం చేస్తుంది. రెండు చక్రాలనీ కలిపి బిగించేస్తుంది, ఒకటి గాల్లో ఉన్నా రెండోది లాగుతుంది. నా దృష్టిలో డబ్బు పెట్టదగ్గ మొదటి పెద్ద మార్పు అదే. అందరూ ముందు కొనేది మాత్రం లిఫ్ట్ కిట్టు, ఎందుకంటే అది దూరం నుంచి కనబడుతుంది.

ఈ వాదన అమెరికాలో మనకన్నా చాలా ముందే నడిచింది. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల్లో రూబికాన్ ట్రెయిల్ అని ముప్పై అయిదు కిలోమీటర్ల రాళ్లదారి ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రూబికాన్ స్ప్రింగ్స్ అనే విడిదికి గుర్రపుబళ్లు నడిచిన దారి అది. 1953 ఆగస్టులో మార్క్ స్మిత్ అనే ఆయన ముందుండి యాభైకి పైగా జీపులని ఆ దారిన దాటించాడు. ఆనాటివి యుద్ధకాలపు విల్లీస్ జీపులూ వాటి వారసులూ. విల్లీస్ జీపు ఇంజను బలం 60 గుర్రాలు, టైర్లు ఇవాళ్టి కారు టైర్లకన్నా సన్నం. బండి మాత్రం పొట్టిది, తేలికైనది. దారి చూసి సైగలు చేసే మనుషుల సాయంతో అవి దాటాయి. జీపర్స్ జాంబోరీ పేరుతో ఆ యాత్ర ఏటా జరిగే ఉత్సవమైంది. కష్టమైన చోట్ల నిలబడి చేతిసైగలతో చక్రాల్ని నడిపించే మనుషులు ఇప్పటికీ ఉంటారు. అదే స్మిత్ 1978, 79 సంవత్సరాల్లో దక్షిణ అమెరికా దక్షిణపు కొస నుంచి అలాస్కా దాకా జీపుల్లో వెళ్లాడు, మధ్యలో రోడ్డే లేని డేరియన్ గ్యాప్ అడవిని దాటాడు. అక్కడా జట్టు మనుషులే దారి చేసుకుంటూ, తాళ్లతో లాగుకుంటూ బళ్లని దాటించారు. తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ వానలకీ మంచుకీ మట్టి కొట్టుకుపోయి, చక్రాలు తవ్వేసి, రూబికాన్ రాళ్లు ఇంకా బయటపడ్డాయి. 2003 మోడల్లో జీపు కంపెనీ ఆ దారి పేరే పెట్టి రాంగ్లర్ రూబికాన్ తెచ్చింది. రెండు ఇరుసులకీ లాకర్లు, నాలుగు రెట్ల లో గేరు కంపెనీలోనే బిగించి ఇచ్చారు. వాళ్లు బలమంతా లో గేరు మీదా లాకర్ల మీదా పెట్టిన సంగతి గమనించండి. ఎత్తు పెంచే పిచ్చి దుకాణాల్లో పుట్టింది.

ఎత్తు పెంచితే పోయేదేమిటో కూడా తెలుసుకుందాం. బండి బరువు కేంద్రం పైకి జరుగుతుంది. ఏటవాలు దారిలో ఇంతకుముందు ఒరిగి నిలబడ్డ చోట ఇప్పుడు పడిపోతుంది. పెద్ద టైరు వేస్తే, పదిశాతం పెద్దదైతే, లో గేరు ఇచ్చే బలం ఆ మేరకు తగ్గినట్టే. మైలేజీ పడిపోతుంది, బ్రేకులకి బరువు పెరుగుతుంది, ఇరుసు లోపలి కడ్డీలు విరుగుతాయి, మీటరు చూపించే దానికన్నా బండి వేగంగా పోతుంటుంది. ఇనుప బంపరు, వించి, పైన క్యారియరు, అన్నీ కలిపితే ఇంకో ఇద్దరు మనుషులు ఎక్కినట్టు. బురదలో బరువే మొదటి శత్రువు. జిప్సీ ఇన్నేళ్లు ఇలాంటి దారుల్లో పేరు నిలబెట్టుకుందంటే అది టన్ను అటూ ఇటూ ఉండే తేలిక బండి కావడమే పెద్ద కారణం.

చట్టం సంగతి కూడా శ్రోతలు గుర్తుంచుకోవాలి. కంపెనీ ఇచ్చిన మూల స్వరూపాన్ని మార్చడానికి వీల్లేదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముందు బిగించే క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందు అడిగేది కూడా ఈ మార్పుల గురించే.

అన్నిటిలోకీ నాకు భయం వేసేది స్నార్కెల్ తెచ్చే ధైర్యం చూస్తే. అది ఇంజనుకి పైనుంచి గాలి అందిస్తుంది, అంతే. బండిని నేలకి కట్టి ఉంచదు. ఇప్పటి థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడుస్తుందని కంపెనీ చెప్పే మాట నిలకడ నీటికి వర్తిస్తుంది. మన ఏజెన్సీ గెడ్డలు నిలకడ నీళ్లు కావు. ఎగువ కొండ మీద వాన కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. మోకాటి లోతున్నా ఉరవడిగా పారే నీరు బండిని పక్కకి నెట్టేస్తుంది. నడిచి దాటలేని నీటిలో బండి దింపకూడదు. స్థానికులు ఆగమంటే ఆగాలి. ఏ గెడ్డ ఎప్పుడు తగ్గుతుందో వాళ్లకి తెలుసు.

వించి కూడా అంతే. తాడు తెగితే మనిషిని చంపుతుంది. కారు వెనక ట్రయిలరు తగిలించే గుండు ఉంటుందే, దానికి తాడు కట్టి లాగితే అది ఊడి తుపాకీ గుండులా వస్తుంది, లోకంలో మనుషులు అలా చనిపోయారు. లాగేటప్పుడు తాడు మీద బరువైన గోనెసంచో దుప్పటో వేయాలి, జనమంతా దూరంగా నిలబడాలి. సామాను కొన్నంత మాత్రాన ఈ నేర్పు దానితో పాటు రాదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మనం సరదాగా ఎక్కే ఈ దారులు ఎవరో ఒకరి దారులు. పాడేరు, అరకు ఏజెన్సీలో అలాంటి దారినే గిరిజనులు వారపు సంతకి పోతారు, అల్లం, పసుపు, పిప్పళ్లు మోసుకుపోతారు. కొన్ని ఊళ్ల నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చేదీ ఆ దారినే. గాలి తగ్గించిన టైరుతో, నెమ్మదిగా, చక్రం జారనివ్వకుండా వెళ్లినవాడి వెనక దారి దారిలా ఉంటుంది. బలమైన ఇంజనూ ముళ్లలాంటి టైర్లూ ఉన్నాయని చక్రాలు గిరగిరా తిప్పి బురద చిమ్మించినవాడి వెనక రెండు కాలవలు మిగులుతాయి. తర్వాతి వానకి ఆ కాలవల్లోంచే నీరు పారుతుంది, మట్టి కోసుకుపోతుంది, డోలీ మోసేవాళ్ల కాళ్లు జారుతాయి. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా బండి తీసుకుపోవడమైతే నేరమే. నేర్పు గురించి నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి ఇది పెద్ద కారణం. నేర్పున్నవాడి వల్ల దారి పాడవదు.

కాబట్టి కొత్తగా బండి కొన్న మిత్రులకి నా మనవి ఇది. మొదటి ఏడాది బండిని కంపెనీ ఇచ్చినట్టే ఉంచండి. ముందు గాలి గేజి, పంపు, గట్టి లాగుడు తాడు, దాన్ని తగిలించే షాకిళ్లు కొనండి. బండి ముందూ వెనకా లాగే కొక్కేలు ఛాసిస్‌కి బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి. ఒంటరిగా వెళ్లకండి, కనీసం రెండు బళ్లు ఉండాలి. కటికి దగ్గరో మరో చోటో ఒక రోజంతా జీపు మాట్లాడుకుని, డ్రైవరుకి అడిగినంత ఇచ్చి, పక్కసీట్లో కూర్చుని చూడండి, అడగండి, నేర్చుకోండి. ఏడాది అలా నడిపాక కూడా బండి మళ్లీ మళ్లీ ఒకేలాంటి చోట ఆగిపోతుంటే, ఎందుకు ఆగుతోందో అప్పటికి మీకే తెలుస్తుంది. టైరు పట్టు చాలడం లేదా, చక్రం గాల్లో తిరుగుతోందా, పొట్ట తగులుతోందా అన్నది తేల్చుకుని, చట్టం ఒప్పుకునే మేరకు ఆ ఒక్కదానికే డబ్బు పెట్టండి.